ఆరు పేర్ల తర్వాత

సోమవారం

ఈ డైరీ ఒక మందుల కంపెనీది. ప్రతి పేజీ కిందా ఏదో ఒక మాత్ర బొమ్మ ఉంది. ఈ పేజీ కింద ఉన్నది కడుపులో మంటకి. ఏటా అమ్మాయి ఆస్పత్రి నుంచి ఇలాంటివి రెండో మూడో తెచ్చి పడేసేది. నేను కాగితాలు చించి అల్మారా అరల్లో పరిచేదాన్ని. ఈ ఏటిది అది తేలేదు. అది పోయాక ఆస్పత్రి వాళ్ళు దాని టీ కప్పు, స్వెట్టరు, డ్యూటీలో వేసుకునే చెప్పులు ఒక సంచిలో పెట్టి పంపితే, వాటి అడుగున ఉంది. చించబుద్ధి కాలేదు. అందుకని రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చేతిరాత. చూసి నవ్వేదెవరు గనక.

దాని గది ఇవాళ కూడా తుడవలేదు. దుమ్మేమీ లేదు.

బుధవారం

తుడవలేదు. కిటికీ మూసే ఉంది కదా, దుమ్మెక్కడి నుంచి వస్తుంది.

శుక్రవారం

పొడుగమ్మాయి వచ్చింది. పిల్లల వార్డులో అమ్మాయితో కలిసి పనిచేసిన డాక్టరు పిల్ల. మా గుమ్మం దగ్గర తల వంచకపోతే దెబ్బ తగులుతుంది, అందుకే ఆ పేరు మా అమ్మాయే పెట్టింది. ఇవాళ వంచడం మర్చిపోయి నుదురు కొట్టుకుంది. మంచినీళ్ళిచ్చాను.

వచ్చిన పని కాగితాల కోసమట. కామెర్లతో పుట్టిన పిల్లల్ని నీలం దీపాల కింద పడుకోబెడతారు. ఆ దీపాల చుట్టూ తెల్లటి తెర కడితే వెలుగు పక్కలకి పోకుండా పిల్లల మీదే పడుతుందని, వాళ్ళు త్వరగా ఇంటికి పోతారని వీళ్ళు చూశారు. ఆ తెరలు నేను పనిచేసే లాండ్రీలోనే ఉతికించేది అమ్మాయి. తెల్లగా లేకపోతే నా ప్రాణం తీసేది. ఆ సంగతంతా పోయిన ఏడు ఒక డాక్టర్ల పత్రికలో వచ్చింది, ఎనిమిది మంది పేర్లతో. దాన్లో మా అమ్మాయిది ఉంది. ఇప్పుడు పొడుగమ్మాయి దానికి కొనసాగింపు ఇంకోటి రాసింది. అమ్మాయి పోయాక చేసిన పని కాబట్టి ఇందులో దాని పేరు లేదు. పత్రిక వాళ్ళు చూసి, విషయం బాగుంది గానీ చివర్న ఏ మాట ఎవరి దగ్గర తీసుకున్నారో రాసిన వరస మా పద్ధతిలో లేదు, నెలాఖరులోగా సరిచేసి పంపకపోతే తీసుకోం అని తిప్పి పంపారట.

మామూలుగా ఆ పని కంప్యూటరే చేసి పెడుతుందట. చేసిపెట్టే కంప్యూటరు అమ్మాయిది. దాన్ని తెరిచే మాట మాకెవరికీ తెలీదు. మీరు చూసి రాసిన కాగితాలు ఇంటర్నెట్‌లో దొరకవా అంటే, దొరుకుతాయి గానీ ఏ మాట ఏ కాగితంలోంచి తీసుకున్నామో మీ అమ్మాయి పెన్సిలు గీతలే చెబుతాయి ఆంటీ అంది. ఆ కాగితాలు దాని బల్ల మీద ఉన్నాయి. కట్ట పైన దాని పెన్సిలు అడ్డంగా పెట్టి ఉంది. కట్ట తీస్తే పెన్సిలు కదులుతుంది.

ఇవ్వనన్నాను. కావాలంటే ఇక్కడే కూర్చుని చేసుకో అన్నాను. మా ఆయన పేపరు వెనక నుంచి, ఇచ్చెయ్యరాదూ, అవేం చేసుకుంటాం మనం అన్నాడు. నేను వినలేదు. అంటే వినబడింది.

ఆదివారం

పెన్సిలు నేనే తీశాను. ఎటు మొన ఉందో గుర్తు పెట్టుకుని కిటికీ గూట్లో అలాగే పెట్టాను.

పొడుగమ్మాయి వంటింటి బల్ల మీద తన కంప్యూటరు తెరిచింది. నేను ఒక్కో కాగితం పట్టుకుని పేర్లు అక్షరం అక్షరం చదివితే తను కొట్టింది. ఇంగ్లీషు మాటలు నాకు రావు గానీ అక్షరాలన్నీ వచ్చు. లాండ్రీలో ట్యాగుల మీద రాసేది నేనే.

పద్ధతి చిత్రంగా ఉంది. ముందు రాసిన వాళ్ళ పేర్లు, తర్వాత ఏమని రాశారో, తర్వాత పత్రిక పేరు, సంవత్సరం, ఎన్నో సంపుటం, ఏ పేజీ నుంచి ఏ పేజీ. మనం ఇంటిపేరుని ఒక్క అక్షరం చేసి, పెట్టిన పేరు నిండుగా రాస్తాం. వీళ్ళు తిరగేశారు. ఇంటిపేరు నిండుగా, పెట్టిన పేరు ఒక్క అక్షరం. పక్కన చుక్క కూడా పెట్టరు. అమ్మాయికి పేరు పెట్టేటప్పుడు మా అమ్మకీ మా అత్తగారికీ మూడు నెలలు మాటల్లేవు. ఇంతా చేసి మిగిలింది ఒక్క అక్షరం. మా ఆయనకి చెబితే, పోనీలే, ఎవరి మాటా నెగ్గలేదు అన్నాడు. అది పోయాక ఆయన వేళాకోళం ఆడటం ఇదే మొదలు. ఆడి, తనే ఉలిక్కిపడి లేచి బయటికెళ్ళాడు.

పేజీల దగ్గర మరీ పిసినారులు. రెండువందల ఎనభైనాలుగు నుంచి రెండువందల ఎనభైఏడు దాకా అంటే 284-7 అంటారు. ఆ రెండంకెలు మళ్ళీ రాస్తే వీళ్ళ సొమ్మేం పోయిందో. పత్రికల పేర్లు కూడా తల ఒకటి తోక ఒకటి కోసేస్తారు, అదీ ఇష్టం వచ్చినట్టు కాదు, ఏ పత్రికని ఎంత కొయ్యాలో ముందే ఖాయం చేసి ఉంటుందట. ఒక్క మాట పేరున్న పత్రికని మాత్రం కొయ్యరు. నాకెందుకో నచ్చింది అది. ఒక్కటే ఉన్నదాన్ని వదిలెయ్యాలని తోచింది కదా వాళ్ళకి.

సోమవారం

షాపులో ఇస్త్రీ బాబాయికి చెప్పాను. ఎవరి మాట ఎవరిదో చెప్పడానికి ఇంత తతంగమా అన్నాడు. "మా ఆవిడ ఏం చెప్పినా మా అన్నయ్య చెప్పాడంటుందమ్మా. ఆ అన్నయ్య పోయి పదేళ్ళు. ఇప్పటికీ మా ఇంట్లో ఆయన మాటే చెల్లుతోంది. ఆయన సంపుటమెంతో, పేజీ ఎంతో ఒక్కసారి అడిగి చూడాలి."

బొగ్గుపెట్టె పక్కన పెట్టి ఇద్దరం నవ్వాం. తర్వాత అంతసేపు నవ్వినందుకు ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూశాను.

బుధవారం

ఈ వరసకీ మా ట్యాగులకీ చుట్టరికం ఉంది. చొక్కా కాలరు లోపల గుడ్డముక్క మీద చెరగని సిరాతో అంకె వేస్తాను. ఆ చొక్కా ఎన్నిసార్లు వచ్చినా అదే అంకె. వీళ్ళకీ అంతే. రాసుకుంటూ పోతుంటే ఎవరి మాట ముందొస్తే వాళ్ళది ఒకటి, తర్వాత వచ్చినవాళ్ళది రెండు. మళ్ళీ ఎక్కడ వాళ్ళ మాట ఎత్తినా అదే అంకె. పెద్ద డాక్టరా చిన్న డాక్టరా అని లేదు. ముందు ఎవరు పలికితే వాళ్ళే ముందు.

పోయిన ఏడు వచ్చిన అమ్మాయి పేపరుకి అంకె పదకొండు. పదకొండులో చూసుకో ఆంటీ అని చూపించింది. వ్యాసంలో నాలుగు చోట్ల మాట చివర చిన్న పదకొండు ఉంది. నాలుగు చోట్లా వేలు పెట్టి చూశాను. ఇంకో చోట కూడా ఉందేమోనని వెతికాను. లేదు.

శనివారం

ఇవాళ పొడుగమ్మాయికి నా చేతిలో తలవంపులయ్యాయి. పాపం, కావాలని చెయ్యలేదు నేను. ఆరోది చదవమంది. ఆరో కాగితం కట్టలో లేదు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. ఉండాలే అంటూనే తను ఎర్రబడింది. తర్వాత చెప్పింది. అది తను చదవలేదట. వేరే ఎవరో వాళ్ళ వరసలో రాస్తే అక్కణ్ణుంచి ఎత్తి పెట్టిందట. చాలామంది అలాగే చేస్తారట గానీ చెయ్యకూడదట. కంటితో చూసిందే రాయాలి.

చూడని పెళ్ళికొడుకు అందగాడని పక్కింటావిడ చెబితే మనం ఊరంతా చెప్పినట్టు, అన్నాను. అంతే ఆంటీ, అచ్చం అంతే అంది. అప్పటికప్పుడు కంప్యూటర్లో వెతికి అసలుది తీసి చదివింది. చదివి, తల పట్టుకుంది. తను రాసింది ఒకటి, వాళ్ళు చెప్పింది ఇంకొకటి. ఆ మాటా తీసేసింది, ఆ అంకే తీసేసింది.

ఎవరికి తెలుస్తుందే అన్నాను. పత్రిక వాళ్ళు ఒక్కో వరసా పట్టుకుని వెతుకుతారు అంది. తర్వాత, వాళ్ళు వెతక్కపోయినా, ఎప్పుడో ఎక్కడో ఏదో ఒక డాక్టరు నా మాట నమ్మి ఆ దారి పట్టుకుని వెళ్తే అక్కడ ఏమీ ఉండదు కదా ఆంటీ అంది.

ఆరు తీసేసరికి వెనకవన్నీ ఒక్కొక్క మెట్టు ముందుకి జరిగాయి. మా షాపులో ఇలా చేస్తే ఒకరి ప్యాంటు ఇంకొకరి ఇంటికి పోతుంది. అమ్మాయి ఇప్పుడు పది. పదకొండుకి అలవాటు పడ్డాను.

ఆదివారం

ఎనిమిదోది చదువుతుంటే ఏడో పేరు దగ్గర పొడుగమ్మాయి ఆపమంది. చాలు ఆంటీ, ఆరుగురి దాకే రాస్తాం, ఆపైన ఎట్ ఆల్ అని చుక్క పెట్టేస్తాం అంది. అంటే ఏమిటంటే, తదితరులు అంది.

ఆ కాగితం మీద పద్నాలుగు మంది ఉన్నారు. ఎనిమిది మంది తదితరులైపోయారు. గుంపు ఫొటోలో అంచున నిలబడ్డవాళ్ళు చట్రంలోకి పట్టక కోసుకుపోయినట్టు.

పొడుగమ్మాయి వెళ్ళాక అమ్మాయి పేపరు తీసి లెక్కపెట్టాను. లెక్కపెట్టక్కర్లేదు నిజానికి. పోయిన ఏడు అది తెచ్చి చూపించినప్పుడు ఏడోదే నేనని వేలు పెట్టి చూపించింది. ఏడుకి అప్పుడెంత మురిసిపోయానో.

మంగళవారం

షాపు నుంచి ఫోన్ చేసి అడిగాను. ఏడుగురిని రాయకూడదా అని. కొన్ని చోట్ల అందరినీ రాయనిస్తారు, ఈ పత్రిక వాళ్ళకి మాత్రం ఆరే ఆంటీ అంది. "నేను ఎనిమిదో పేరు. నేనూ ఎట్ ఆల్‌లోనే ఉన్నాను, దాని పక్కన" అంది.

నువ్వు బతికున్నావు, ఇంకో పది రాస్తావు అనబోయాను. అనలేదు. ఇస్త్రీ బాబాయి చూస్తున్నాడు.

బుధవారం

అడగదలుచుకున్నది ఇంకోటి ఉంది. ఈ పేర్లలో ఎవరు ఉన్నారో ఎవరు పోయారో ఎలా తెలుస్తుంది? ఏ గుర్తూ లేదు. యాభై ఏళ్ళ నాటి కాగితం కూడా ఉంది కట్టలో, అది రాసినాయన ఉండే అవకాశం లేదు. అయినా ఆయనా ఇంటిపేరు, ఒక అక్షరం. నిన్న రాసినవాళ్ళూ ఇంటిపేరు, ఒక అక్షరం. ఆ వరస కంటికి అందరూ ఒకటే.

అందుకే ఆ ఆరులో ఉండాలి అది.

శనివారం

పదోది చదివాను.

ఆదివారం

నిన్న సరిగ్గా రాయలేదు. చదివాను, అయిదు పేర్లు ఉన్నవి ఉన్నట్టే చదివాను. ఆరో పేరు మీద బొటనవేలు పెట్టి, ఏడోది చదివాను. మా ఇంటిపేరు, ఒక్కో అక్షరం, గట్టిగా. చివర దాని అక్షరం. పొడుగమ్మాయి చేతులు ఒక క్షణం ఆగాయి. దగ్గు వచ్చి ఉంటుంది. తర్వాత టకటకా కొట్టేసింది.

ఆరో మనిషి ఎవరో నాకు తెలీదు. పెద్ద ఇంటిపేరు, రెండక్షరాలు. ఎవరో డాక్టరు అయి ఉంటారు. వాళ్ళకి ఇలాంటివి యాభై ఉంటాయి. ఒకచోట కనపడకపోతే వాళ్ళకి తెలియను కూడా తెలియదు. అసలైనా ఏం మారింది, ఒక్క మెట్టు. మొన్న అంకెలన్నీ జరిగితే ఎవరూ ఏమనలేదు.

కంప్యూటరు మీద చూపించమన్నాను. ఆరోచోట ఉంది. చక్కగా ఉంది.

సోమవారం

గదిలో దుమ్మేమీ లేదు.

మంగళవారం

అన్నం తినేటప్పుడు మా ఆయన, ఈ మధ్య నువ్వు బాగా ఉంటున్నావు, ఆ పిల్ల రావడం మంచిదైంది అన్నాడు. నేను పచ్చడి సీసా మూత పెట్టడంలో ఉన్నాను. మూత పట్టలేదు. చాలాసేపు తిప్పాను.

ఈ పేజీ కింద మాత్ర దేనికో తెలీలేదు. అమ్మాయుంటే చెప్పేది.

గురువారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాయాలి.

మధ్యాహ్నం షాపులో ట్యాగులు కుడుతుంటే వార్డు సిస్టరు వచ్చింది. పిల్లల వార్డులో పెద్ద నర్సు. ఎప్పుడూ ఆస్పత్రి తెరలు ఇవ్వడానికి కుర్రవాణ్ణి పంపేది, ఇవాళ తన నీలం కోటు డ్రైక్లీనింగ్‌కి ఇవ్వడానికి తనే వచ్చింది. అమ్మాయి పోయిన రోజు ఆస్పత్రిలో నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టింది ఆవిడే. నా మొహం కడిగింది. జడ ఊడి జుట్టంతా మీద పడుతుంటే దువ్వి జడ వేసింది. ఆ జడ నేను మూడు రోజులు విప్పలేదు.

నన్ను చూసి బల్ల ఇవతలికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. తింటున్నావా అక్కా అని అడిగింది. తింటున్నానన్నాను. కోటు తీసుకుని చీటీ తీశాను. తెరలయితే ఆస్పత్రి పేరు రాస్తాను. సొంత బట్టకి మనిషి పేరు రాయాలి. ఇన్నేళ్ళుగా సిస్టరు అనడమే తప్ప ఆవిడ పేరు నాకు తెలీదు.

"పేరా? నా పేరు అడిగినవాళ్ళెవరమ్మా ఈ మధ్య" అని నవ్వి, ఇంటిపేరుతో సహా చెప్పింది. మా షాపులో ట్యాగులకి ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఒక్కోటీ చెప్పించుకుని రాశాను. సగం రాసేసరికే నా చేతికి తెలిసింది. ఆ అక్షరాలు నా బొటనవేలి కింద ఉన్నవే.

ఆవిడ చెబుతూనే ఉంది. మన పేపరు కొత్తదాంట్లో మళ్ళీ వస్తోందని పొడుగమ్మాయి ఎప్పుడో చెప్పిందట. ఆరు పేర్లు వేస్తారట, ఆరోది తనదే అట. ఇంట్లో ఎవరూ నమ్మలేదట, డాక్టర్ల పత్రికలో నర్సు పేరెందుకు వేస్తారని. తెరలు కట్టిందీ, ప్రతి పూటా సరిచూసిందీ తనే అని చెప్పినా నవ్వారట. అచ్చయ్యాక తీసుకెళ్ళి వాళ్ళ అమ్మ ముందు పెడతానంది. పోయిన ఏటిది కాపీ తన చేతికి రాలేదట, పేరు అచ్చులో పడ్డది ఆ ఒక్కసారేనట.

నేను తల ఎత్తలేదు. కోటు బొత్తాలు లెక్కపెట్టినట్టు నటించాను.

వెళ్ళబోతూ ఆగి, "ఆ ఆరోది మీ అమ్మాయి ఇచ్చిందే అక్కా" అంది. "పేర్ల వరస రాసేటప్పుడు తనని ఆరు వేశారు, నన్ను ఏడు. కూర్చున్నది లేచి, సిస్టరు తర్వాతే నేను అని తనే కొట్టేసి మార్చింది. పెద్ద డాక్టరమ్మ ఎంత చెప్పినా వినలేదు. మొండిఘటం."

మొండిదే. నాకు తెలీదా.

ఇస్త్రీ బాబాయి వచ్చి, ఏమ్మా, సూది గుచ్చుకుందా అని అడిగాడు. ఔనన్నాను.

శుక్రవారం

పొడుగమ్మాయి పొద్దున్నే వచ్చింది, సెలవు పెట్టి. ఇవాళే పంపాలట. కుర్చీలో కూర్చుంది గానీ ఏమీ కొట్టడం లేదు. టీ పెట్టాను. ఇద్దరం తాగలేదు.

"పదోది మళ్ళీ తియ్యి" అన్నాను.

"ఎందుకాంటీ?"

"ఆరో పేరు తప్పు చదివాను."

అది కంప్యూటరు వైపే చూస్తూ, "తెలుసు" అంది.

తెలిస్తే చెప్పలేదే అన్నాను.

"మీరు దాని పేరు అంత గట్టిగా చదువుతుంటే ఆపడం నావల్ల కాలేదు. పంపేటప్పుడు మార్చేద్దాంలే అనుకున్నాను. నిన్న పంపబోయాను. మార్చబుద్ధి కాలేదు, అలా పంపబుద్ధీ కాలేదు. చదవని కాగితాన్ని తీసి పారేసిన నేనే, ఇది తెలిసీ వదిలేశాను ఆంటీ."

ఇద్దరం దొంగలమే అన్నాను. అది నవ్వబోయి ఏడ్చింది. నేను ఏడవలేదు. ఎందుకో నాకు పని ఉన్నట్టనిపించింది. కొంగుతో దాని మొహం తుడిచి, చేతులు కంప్యూటరు మీద పెట్టుకో అన్నాను.

కాగితం తీశాను. మొదటి నుంచీ చదివాను, ఉన్నవి ఉన్నట్టు. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. ఆరోది చదివేటప్పుడు వేలు దాని కింద పెట్టి, సిస్టరు షాపులో ఎలా పలికిందో అలాగే, నిదానంగా చదివాను. పొడుగమ్మాయి కొట్టింది. అక్కడ ఆగాలి నేను. ఆగలేదు. ఏడోది చదివాను. మా ఇంటిపేరు మొత్తం. దాని అక్షరం. అక్కడితోనూ ఆగక పూర్తి పేరు కూడా చదివాను, కాగితం మీద లేకపోయినా, మా అమ్మా మా అత్తగారూ కొట్టుకున్న పేరు. పొడుగమ్మాయి చేతులు ఒళ్ళో పెట్టుకుని విన్నది. తర్వాత ఎనిమిదోది, తన పేరు. అదీ నిండుగా చదివాను. తల వంచుకుని విన్నది, మా గుమ్మంలో వంచినట్టు.

అయిపోయిందన్నాను.

అప్పుడు చేతులు పైకి తీసి, కామా పెట్టి, ఎట్ ఆల్ అని కొట్టి చుక్క పెట్టింది.

శనివారం

వెళ్ళిపోయిందట. అంటే వ్యాసం. పంపింది.

మంగళవారం

గది తుడిచాను. దుమ్ముంది. బల్ల మీద కాగితాల కట్ట ఉన్న చోట మాత్రం నలుచదరంగా శుభ్రంగా ఉంది. అదీ తుడిచేశాను. కట్ట పొడుగమ్మాయికి ఇచ్చేశాను, అమ్మాయి పేపరుతో సహా. పెన్సిలు నేనుంచుకున్నాను. ఇది దానితోనే రాస్తున్నాను. మొన అరిగింది, చెక్కాలి.

ఆదివారం

పొడుగమ్మాయి ఫోన్ చేసింది. తీసుకున్నారట. ఒక్క వరస కూడా తప్పు పట్టలేదట. పెద్ద డాక్టరమ్మ మెచ్చుకుందట, ఇంత శుభ్రంగా ఎవరు చేసిపెట్టారని. చెప్పావా అన్నాను. లాండ్రీలో చేయించానని చెప్పాను ఆంటీ అంది. అమ్మాయి దగ్గర నేర్చుకున్న వెటకారం.

గురువారం

మూడు రోజులుగా ఒకటే పీకులాట. ఆ వరస నిజంగా పనిచేస్తుందా? పేర్లు కోసి, పత్రికని కోసి, పేజీ అంకెలు కూడా కోసి, ఇంత పిసినారిగా రాసినదాన్ని పట్టుకుని, మమ్మల్ని ఎరగని మనిషి ఎవరైనా అక్కడిదాకా వెళ్ళగలరా? పొడుగమ్మాయిని అడిగితే వెళ్తారంటుంది. అది చెప్పిన మాట. కంటితో చూసిందే రాయాలని చెప్పిందీ అదే.

పదో వరస నా దగ్గర ఉంది. పంపిన రోజే కాగితం మీద ఎక్కించుకున్నాను.

శుక్రవారం

షాపులో సగం పూట సెలవు అడిగి డాక్టర్ల కాలేజీ లైబ్రరీకి వెళ్ళాను. గుమ్మం దగ్గర కాపలాయన ఎవరు కావాలన్నాడు. మనుషులు కాదు, ఒక పేపరు చూసుకోవాలన్నాను. నా చీర వంకా చేతిసంచి వంకా చూసి, సంచి ఇక్కడ పెట్టి వెళ్ళమ్మా అన్నాడు.

లోపల చల్లగా ఉంది. అట్టలు కట్టిన పాత పత్రికల వాసన, మా షాపులో మడతపెట్టి మర్చిపోయిన దుప్పట్ల వాసనలా. బల్ల దగ్గర కళ్ళద్దాలావిడ కూర్చుని ఉంది. ఏం కావాలని అడిగింది. నేనేమీ చెప్పకూడదని అనుకుని వెళ్ళాను. చెబితే పరీక్ష కాదు. కాగితం ఇచ్చాను, అంతే.

ఆవిడ చదివింది. పేర్ల మీద ఆగను కూడా లేదు. పత్రిక పొట్టిపేరు, సంవత్సరం, సంపుటం, పేజీ చూసి, కూర్చోండమ్మా అని లేచి అరల్లోకి వెళ్ళింది. నేను కూర్చోలేదు. అరల మధ్య ఆవిడ నడక వినిపిస్తూ ఉంది, ఒకచోట ఆగింది, మళ్ళీ నడిచింది. ఒక లావుపాటి పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, నాలుగైదు సార్లు పేజీలు తిప్పి, నా వైపు తిప్పింది.

అదే పేజీ. తెర కట్టిన దీపాల బొమ్మ. పైన ఎనిమిది పేర్లూ, ఒక్కరినీ తీసెయ్యకుండా. ఎవరో ఏమిటో అడగకుండా, ఏ చుట్టరికమూ లేని మనిషి, నేను రాసుకొచ్చిన ఒక్క వరస పట్టుకుని తిన్నగా దాని దగ్గరికి తీసుకొచ్చింది. రేపు ఇంకెవరొచ్చినా తీసుకొస్తుంది.

నేను చాలాసేపు పేజీ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డానేమో, ఆవిడ నెమ్మదిగా, "ఇందులో మీవాళ్ళెవరైనా ఉన్నారా అమ్మా?" అని అడిగింది.

"ఉందమ్మా. మా అమ్మాయి" అన్నాను. "ఎట్ ఆల్‌లో ఉంది."

ఆవిడ నా కాగితం పక్కన పెట్టింది. కళ్ళద్దాలు సరిచేసుకుని, పుస్తకం మీదికి వంగి, ఆరు పేర్లు దాటి చదవడం మొదలుపెట్టింది.